గడియ చప్పుడు



మీ ఇంట్లో కుక్క ఉందా? ఉంటే ఈ మాట మీరు ఎప్పుడో ఒకసారి అనే ఉంటారు. గేటు దగ్గర ఎవరో వచ్చి నిలబడతారు. లోపలి నుంచి కుక్క దూసుకొస్తుంది. వచ్చినాయన రెండడుగులు వెనక్కి వేస్తాడు. మనం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తూ, అక్కణ్ణుంచే కేకేస్తాం. "రండి రండి, ఏం చెయ్యదండీ!"

ఏం చెయ్యదండీ. నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఆఖరిసారి అన్నప్పుడు మా కుక్క పళ్ళు ఒక మనిషి పిక్కలో ఉన్నాయి.

ఆ సంగతే మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాది రాజమండ్రి. పాతకాలపు డాబా ఇల్లు. ముందు వసారా, దాని ముందు నాలుగు మందార మొక్కలు, ప్రహరీగోడ, ఇనుప గేటు. ఇంట్లో మావారూ నేనూ, మా కుక్కా. దాని పేరు కర్రిగాడు. ఒళ్ళంతా నలుపు. రొమ్ము మీద మాత్రం ఒక తెల్లమచ్చ, ఎవరో సున్నం చేత్తో తట్టినట్టు. జాతికుక్క కాదు, మన వీధుల్లో తిరిగే నాటు కుక్కే. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ రోజుల్లో, వీధి చివర కాలవగట్టున దొరికాడు. కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. తల్లి కనపడలేదు. మావారు తువ్వాల్లో చుట్టి తెచ్చారు.

ఆ రోజులు గుర్తున్నాయి కదా మీకు? గేటు తీసేవాళ్ళం కాదు. పాలబ్బాయి ప్యాకెట్లు గేటుకి కట్టిన సంచిలో వేసి వెళ్ళిపోయేవాడు. పేపరు మానేశాం. పనమ్మాయిని రావద్దన్నాం. చుట్టం లేదు, పక్కం లేదు. నెలల తరబడి మా ఇద్దరి మొహాలు తప్ప వాడు మరో మొహం చూడలేదు. చూసినా, ఆ మొహానికి మాస్కు.

పశువుల డాక్టరుగారు తర్వాత నాకు విడమరిచి చెప్పారు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక వయసు ఉంటుందట. లోకం అంటే ఏమిటో అది నేర్చుకునేది అప్పుడే. గడ్డం ఉన్న మనిషి. గొడుగు పట్టుకున్న మనిషి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి. పరుగెత్తే పిల్లలు. సైకిలు గంట. ఇవన్నీ ఆ వయసులో చూసి, విని ఉంటే, వీటితో ప్రమాదం లేదని దాని మనసులో పడిపోతుంది. ఆ వయసు దాటాకా నేర్పచ్చు. కానీ కష్టం. చాలా ఓపిక కావాలి. మా కర్రిగాడి లోకంలో మనుషులు ఇద్దరే. మిగతావాళ్ళంతా ఆ లోకంలోకి చొరబడ్డవాళ్ళు.

కొత్తవాళ్ళ మీదకి వెళ్ళే కుక్కని చూసి మనం పొగరు అంటాం, విశ్వాసం అంటాం, కాపలా అంటాం. చాలామటుకు అది భయమండీ. భయపడ్డ కుక్క ముందు అరిచి చూస్తుంది. ఆ అరుపు పనిచేస్తే, దాన్ని పట్టుకుంటుంది.

ఎలాగంటారా? పోస్టుమ్యాన్ వస్తాడు. కుక్క మొరుగుతుంది. ఆయన ఉత్తరం వేసి వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళింది పని అయిపోయింది గనక. కుక్క లెక్క వేరు. నేను మొరిగాను, వాడు పారిపోయాడు! మర్నాడు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది. మళ్ళీ పారిపోయాడు. పాలబ్బాయి పారిపోయాడు, కరెంటు రీడింగు అబ్బాయి పారిపోయాడు, ఇస్త్రీ అతను పారిపోయాడు. ఏడాది పొడుగునా, రోజూ, గెలుస్తూనే ఉన్న కుక్క అది. ఇక దాన్ని గేటు పక్కన గొలుసేసి రోజంతా కట్టేస్తే చెప్పనే అక్కర్లేదు. పారిపోయే దారి లేని భయం పళ్ళలోకి దిగుతుంది.

నాకు ఇదేమీ తెలియదు. వాడు మొరిగితే లోలోపల మురిసిపోయేదాన్ని. "కర్రిగాడుండగా మాకు తాళం ఎందుకండీ" అని పక్కింటి పిన్నిగారితో గొప్పలు చెప్పేదాన్ని.

2022 మే నెల. రోహిణీ కార్తె. మిట్టమధ్యాహ్నం. గ్యాసాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి మాకు సిలిండరు వేసే మనిషి. యాభై దాటిన వయసు. నిండు సిలిండరు దగ్గర దగ్గర 30 కిలోలు ఉంటుంది. అది భుజం మీద పెట్టుకుని వసారా మెట్లెక్కుతున్నాడు. నేను ఒక చేత్తో తలుపు పట్టుకున్నాను. ఇంకో చేత్తో కర్రిగాడి మెడపట్టీ పట్టుకున్నాను. ఎండకి చెయ్యంతా చెమట. పట్టీ జారింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట, "ఏం చెయ్యదండీ, ఏం చెయ్యదు." అప్పటికే వాడు పిక్క పట్టేశాడు.

ఆయన అరవలేదు. సిలిండరు పడెయ్యలేదు. మోకాళ్ళు వంచి, మెల్లిగా, చంకలో పిల్లని దింపినట్టు దాన్ని నేల మీదకి దింపాడు. ఆ తర్వాత కాలు చూసుకున్నాడు. ఎందుకు పడెయ్యలేదని కొన్నాళ్ళకి నేనే అడిగాను. "మీ కాళ్ళ మీద పడుద్దేమోనని అమ్మా" అన్నాడు.

మా కుక్క కరుస్తుంటే ఆ మనిషి నా కాళ్ళ గురించి ఆలోచించాడు. ఆయన కాళ్ళ గురించి నేను ముందుగా ఆలోచించలేదు. ఈ రోజుకీ ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

ఇక్కడ ఒక్క నిమిషం. ఇప్పుడు చెప్పేది మాత్రం చేతిలో పని ఆపి వినండి.

రక్తం చూడగానే పక్కింటి పిన్నిగారు పసుపు డబ్బా పట్టుకొచ్చారు. ఇంకెవరో కాఫీపొడి అన్నారు. ఎదురింట్లో నర్సుగా చేసి రిటైరైన అక్కయ్యగారు ఉన్నారు. ఆవిడ వస్తూనే ఆ డబ్బా మూత పెట్టించేశారు. "సబ్బు తీసుకురా" అన్నారు నాతో. పెరట్లో కుళాయి కింద ఆయన కాలు పెట్టించి, సబ్బు రుద్ది, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగించారు. గడియారం చూసి మరీ. 15 నిమిషాలు ఎంతసేపో ఆ రోజు తెలిసింది నాకు. ఇక చాలు అనిపించిన ప్రతిసారీ ఆవిడ ఇంకా ఉంది అన్నారు.

మళ్ళీ చెబుతాను. కుక్క కరిచినా, పళ్ళు గీరుకుని చర్మం చెక్కుకుపోయినా, సబ్బు, ధారగా నీళ్ళు, 15 నిమిషాలు. పసుపు వద్దు. కారం వద్దు. సున్నం వద్దు. బిగించి కట్టు కట్టద్దు. కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అదే రోజు. రేబిస్ సూదులు నాలుగైదు విడతలు ఉంటాయి. డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అని. దాన్ని వద్దనకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటూ భయపడి ఇంట్లో కూర్చునే పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ సూదుల రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు జబ్బకే వేస్తారు. రేబిస్ లక్షణాలు పైకి కనపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. అంతకుముందే, వేళకి సూదులన్నీ పడితే, ప్రాణం నిలుస్తుంది.

కర్రిగాడికి ఏటా టీకా వేయిస్తాం. పుస్తకం ఉంది, ముద్రలు ఉన్నాయి. అయినా ఆయనకి సూదులన్నీ వేయించాం. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు, ఉన్నాం. ప్రతి విడతకీ మావారు ఆయన్ని స్కూటరెక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. పని పోయిన రోజులకి కూలి ఇచ్చాం. తీసుకోవడానికి ఆయన మొహమాటపడ్డాడు. మావారు బలవంతంగా జేబులో పెట్టి, "ఇది మేం పడ్డ బాకీ" అన్నారు.

ఆ వారమంతా మా ఇంటికి సలహాలు వచ్చాయి. ఎక్కువమంది చెప్పింది ఒకటే. "ఎందుకొచ్చిన గొడవ! రాత్రిపూట బ్రిడ్జి దాటించి, కొవ్వూరు వైపు ఎక్కడన్నా వదిలేసి రండి."

నిజం చెబుతాను, ఒక పూట నాకూ ఆ ఆలోచన వచ్చింది. మావారు ఒక్కటే అడిగారు. "అక్కడ మాత్రం పిల్లలుండరా?" మన గేటు లోపల ఉన్న పళ్ళని తీసుకెళ్ళి, పేరు కూడా తెలియని ఇంకో వీధిలో వదలడం అది. ఆ కుక్కకి అక్కడ తిండి దొరకదు, భయం రెట్టింపవుతుంది. ఈసారి కరిస్తే, టీకా వేసిన కుక్కో కాదో చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు. పెంచిన జంతువుని అలా ఆకలికి వదిలేయడం మన దేశంలో నేరం కూడా. 1960లో వచ్చిన జంతుహింస నిరోధక చట్టం ఆ మాట చెబుతోంది.

అలాగని ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కుక్కని ఉంచుకోవచ్చని నేను అనను. మా ఇంట్లో చంటిపిల్లలు లేరు. ఇద్దరం పెద్దవాళ్ళం, తీరిక ఉన్నవాళ్ళం. పాకే పిల్లాడున్న ఇల్లయితే, ఇంటి మనుషుల్నే కరిచే కుక్కయితే, పరిస్థితి వేరు. అప్పుడు డాక్టరు ముందు కూర్చుని, దాపరికం లేకుండా, అన్నీ చెప్పుకుని తేల్చుకోవాలి. సిగ్గుపడి దాచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

మేమూ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ముందు చూసింది వాడి ఒంటిని. నోరు, చెవులు, నడుము, కీళ్ళు. ఎక్కడన్నా నొప్పి ఉంటే ఎంత సాధువైన కుక్కయినా కరుస్తుందన్నారు. మావాడి ఎడమ చెవి లోపల చీము పట్టి ఉంది. మేం గమనించనే లేదు. మందు వేశాక కొంత నెమ్మదించాడు. మగ కుక్క కదా, ఆపరేషను చేయిస్తే కోపం పోతుందా అని అడిగాం. తిరుగుళ్ళు తగ్గుతాయేమో గానీ మనుషులంటే ఉన్న భయం దానివల్ల పోదన్నారు. భయం మరీ ఎక్కువైతే దానికి మందులున్నాయి, డాక్టరు చూసి రాయాల్సినవి, మన మాత్రల డబ్బాలోంచి తీసి వేసేవి కావు.

చివరికి ఆయన ఒక మాట అన్నారు. "అమ్మా, వీణ్ణి మార్చడానికి ఏళ్ళు పడుతుంది. పూర్తిగా మారతాడని నేను మాటివ్వలేను. మీ గేటు మార్చడం మాత్రం ఈ ఆదివారానికి అయిపోతుంది."

ఆదివారం వడ్రంగి వచ్చాడు. వెల్డింగు కుర్రాడూ వచ్చాడు.

ఏం చేశామో చెబుతాను. వసారాకి నడుమెత్తు కన్నా పైకి ఒక ఇనుప తడక బిగించి, దానికి లోపలి వైపు గడియ పెట్టించాం. అంటే వీధి గేటు ఒకటి, దాని తర్వాత తడక ఒకటి. ఒకటి మరిచిపోయినా రెండోది ఉంటుంది. వెనక గదికి బయట నుంచి కొత్త గడియ పెట్టించాం, పాతది వదులైపోయి ఉంది. కాలింగ్ బెల్లు వసారాలో ఉండేది. దాన్ని పీకించి గేటు బయట గోడకి పెట్టించాం. ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ ఆలోచించండి. బెల్లు లోపలుంటే, మన కోసం వచ్చిన మనిషి బెల్లు కొట్టాలన్నా సరే కుక్క ఉన్న చోటికి రావాలి!

ఇక మా ఇంటి పద్ధతి. బెల్లు మోగుతుంది. కర్రిగాడు వెనక గదిలోకి వెళతాడు. గడియ పడుతుంది. ఆ తర్వాతే గేటు దగ్గరికి మేం వెళతాం. ముందు కుక్క లోపలికి. తర్వాత గేటు. ఎవరొచ్చినా సరే, ఎంత తొందరున్నా సరే. ముందు కుక్క లోపలికి, తర్వాత గేటు. మెడపట్టీ చేత్తో పట్టుకుని తలుపు తీయడం మా ఇంట్లో లేదు. చెయ్యి జారుతుంది. గడియ జారదు.

వాణ్ణి తిట్టి, ఈడ్చి గదిలో పడేస్తాం అనుకోకండి. బెల్లు మోగిందంటే ఆ గదిలో వాడికి ఒక ఉడికించిన కోడిమాంసం ముక్క దొరుకుతుంది. వారం తిరక్కుండా బెల్లు వినగానే వాడే పరిగెత్తడం మొదలుపెట్టాడు.

గేటు మీద పాత బోర్డు ఒకటి ఉండేది. మీ ఇళ్ళ మీదా ఉంటుంది. "కుక్కలున్నవి జాగ్రత్త." చాలా పాత బోర్డండీ ఇది. ఇటలీలో పాంపే అని ఒక ఊరుంది. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతం పేలి బూడిదలో కూరుకుపోయింది. ఆ ఊళ్ళో ఒక ఇంటి గుమ్మంలో, చిన్న చిన్న రాళ్ళు పొదిగి, గొలుసేసిన నల్లకుక్క బొమ్మ వేశారు. కింద లాటిన్ భాషలో కుక్క జాగ్రత్త అని రాసుంది. అంటే సుమారు రెండు వేల ఏళ్ళుగా మనం జాగ్రత్త పడమని చెబుతున్నది వచ్చేవాళ్ళకే!

జాగ్రత్త అంటే ఆ వచ్చినాయన ఏం చెయ్యాలి? లోపలికి రావాలా, వద్దా? పిలవాలా? రాయి పట్టుకోవాలా? చదువు రానివాడయితే? మా బోర్డు మార్చాం. "బెల్లు కొట్టి గేటు బయటే ఉండండి. మేమే వస్తాం." పక్కన కుక్క బొమ్మ ఒకటి గీయించాం, చదవడం రానివాళ్ళ కోసం.

బోర్డు పెట్టాం కదా, ఇక మా పూచీ లేదు అనుకునేవాళ్ళు ఉన్నారు. చట్టం అలా చూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ దీని గురించే. మన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రంగా దెబ్బ తగిలేటట్టో ప్రమాదం ఉండి, తగిన ఏర్పాటు చెయ్యకుండా అశ్రద్ధగా ఉంటే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలోనూ ఇదే ఉండేది. అప్పటి జరిమానా వెయ్యి. నాకు తోచింది చెబుతాను. బోర్డు పెట్టామంటే మన కుక్క సంగతి మనకి తెలుసని మనమే రాసిచ్చినట్టు. తెలిసీ గేటు తెరిచి ఉంచితే ఇక ఏమని చెప్పుకుంటాం?

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళకి గేటు లేదు, వాకిలి లేదు. తలుపు తీస్తే నడవా, నడవాలో మనిషి. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో జరిగింది మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. భోజనం పార్సిలు ఇవ్వడానికి ఒక కుర్రాడు మూడో అంతస్తుకి వెళ్ళాడు. ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదకి వచ్చింది. ప్రాణభయంతో పరిగెత్తాడు. మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. కొద్దిరోజుల తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆ ఏడాదే మే నెలలో మణికొండలో ఇంకో డెలివరీ అతను, అదీ కుక్క నుంచి తప్పించుకోవడానికే, మూడో అంతస్తు నుంచి దూకాడు.

బంజారాహిల్స్ కుర్రాడి ప్రాణం తీసింది భయం. కుక్క పళ్ళు దించాలనే లేదు. మన కుక్క కరవకపోవచ్చు, వాసన చూసి వదిలేసేదే కావచ్చు. ఆ సంగతి ఎదుటి మనిషికి ఎలా తెలుస్తుంది? ఏం చెయ్యదండీ అని మనం అనేసరికి అతను మెట్ల దగ్గర ఉంటాడు, లేదా గోడ మీద ఉంటాడు.

ఇంకోటి కూడా చూడండి. మన గేటు దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళెవరు? గ్యాసాయన. పార్సిలు కుర్రాడు. పనమ్మాయి. మీటరు చూసే అబ్బాయి. చెత్తబండి అమ్మాయి. వీళ్ళలో ఎవరికీ "మీ ఇంట్లో కుక్క ఉంది, నేను రాను" అనే వీలు లేదు. అంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకని భయాన్ని మింగి వస్తారు. వాళ్ళ ధైర్యం మీద ఆధారపడి మనం కుక్కని పెంచకూడదు.

అపార్ట్‌మెంటయితే తలుపు వెనక ఇంకో అడ్డు పెట్టుకోండి, పిల్లలకి పెట్టే తడక లాంటిది, కాస్త ఎత్తుగా. లిఫ్టులో మనుషులుంటే మీరు ఆగండి. వాళ్ళని దిగమనకండి. కుక్క జాతి పేరు ఎత్తాను గనక ఒక మాట. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల్ని నిషేధించమని రాష్ట్రాలకి రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ వాదన ఎటు తిరిగినా, మా కర్రిగాడు ఏ జాబితాలోనూ లేడు. పిక్క పట్టింది వాడే.

ఏర్పాట్లు అయ్యాయి. ఇక వాడితో చెయ్యాల్సిన పని. ఇది నెమ్మది పని, రోజూ చేసే పని.

మొదట నేను మానుకున్నది, వాడు గుర్రుమంటే కొట్టడం. గుర్రుమంటే అదేదో తప్పు చేసినట్టు చెంప మీద ఒకటి వేసేదాన్ని. గుర్రుమనడం అంటే, నాకు భయంగా ఉంది, దగ్గరికి రావద్దు అని చెప్పడం. కొట్టి కొట్టి దాన్ని మాన్పించామనుకోండి. భయం అలాగే ఉంటుంది, చెప్పడం మాత్రం పోతుంది. కుక్కరు విజిల్‌కి గుడ్డ అడ్డం కట్టినట్టు. అలాంటి కుక్కలే చడీచప్పుడు లేకుండా కరుస్తాయి. గుర్రుమంటే దాని మాట విని, దాన్ని దూరంగా తీసుకెళ్ళండి. గుర్రుమనకముందే కనపడే గుర్తులు కూడా ఉంటాయి. ఒళ్ళు కొయ్యబారుతుంది. నోరు మూసుకుంటుంది. కళ్ళలో తెల్లగుడ్డు కనపడుతుంది. తోక ఊపుతోంది కదా అని మోసపోకండి. పైకెత్తి, బిరుసుగా, సన్నగా ఊపే తోక స్నేహానికి గుర్తు కాదు.

తర్వాత కోడిమాంసం ముక్క పాఠం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరతాం, వీధిలో జనం లేనప్పుడు. తాడు పొట్టిది, మందంది. దూరంగా, వీధి ఆ చివర, ఒక మనిషి కనపడతాడు. కర్రిగాడు చూస్తాడు, ఇంకా మొరగలేదు. ఆ క్షణంలో ముక్క వాడి నోట్లో పడాలి. మనిషి మాయమయ్యాడు, ముక్కలూ ఆగిపోయాయి. మళ్ళీ మనిషి, మళ్ళీ ముక్క. వరస ముఖ్యం. ముందు మనిషి, తర్వాత ముక్క. కొన్ని నెలలకి వాడి బుర్రలో లెక్క మారింది. కొత్త మనిషి కనపడితే మీదకి పోయేవాడు కాస్తా, నా చేతి వైపు చూడడం నేర్చాడు.

ఎంత దూరం ఉంచాలి అంటారా? కుక్కే చెబుతుంది. ముక్క మూతి దగ్గర పెట్టినా తినడం లేదంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారన్నమాట. వెనక్కి తిరగండి. ఆ రోజుకి అంతే. ఇవాళ 30 అడుగుల్లో కుదిరింది కదా అని రేపు 10 అడుగులకి తీసుకెళ్ళకండి. నేను అలా తొందరపడి రెండు నెలల పని ఒక్క పూటలో పోగొట్టుకున్నాను.

ఇక మూతికి చిక్కం. నూర్పిళ్ళప్పుడు ఎద్దు గడ్డి మెయ్యకుండా మూతికి చిక్కం కడతారు. పల్లెల్లో పుట్టినవాళ్ళకి తెలుసు. ఎవరూ దాన్ని క్రూరం అనరు. కుక్కకి కడితే మాత్రం అయ్యో పాపం అంటారు. బుట్టలా ఉండే చిక్కం కొనండి, మూతి చుట్టూ బిగించే గుడ్డది వద్దు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి వగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. మన ఎండల్లో మూతి బిగించి కట్టేస్తే ప్రాణం మీదకి వస్తుంది. బుట్ట చిక్కంలో వగర్చగలదు, నీళ్ళు తాగగలదు. నేను దాని లోపల పెరుగన్నం రాసి కింద పెట్టేదాన్ని. వాడే మూతి పెట్టి నాకేవాడు. వారం రోజులు కట్టనేలేదు. తర్వాత ఒక నిమిషం, తర్వాత అయిదు నిమిషాలు. ఇప్పుడు చిక్కం చేతిలోకి తీస్తే చాలు, షికారుకని తోక ఊపుతూ వచ్చి తనే మూతి దూరుస్తాడు.

అన్నిటికన్నా కష్టమైంది కుక్కతో కాదు, చుట్టాలతో. సంక్రాంతికి ఇల్లు నిండిపోతుంది. మన ఇళ్ళలో చుట్టాన్ని గేటు బయట నిలబెట్టడం ఎంత తప్పుగా చూస్తారో మీకు తెలుసు. బెల్లు కొట్టి మూడు నిమిషాలు నిలబడితే మొహం ముడుచుకునేవాళ్ళుంటారు. ఇంకో రకం ఉంటారు. మా ఆడపడుచుగారి భర్త, అన్నయ్యగారు, అలాంటివారే. మనసు మంచిది. "నాకు కుక్కలంటే భయం లేదమ్మా. చిన్నప్పుడు మా ఇంట్లో నాలుగుండేవి. తీసుకురా, చెయ్యి వాసన చూపిస్తే అదే తెలుసుకుంటుంది" అంటారు. పక్కన పిల్లలు, కుక్కని చూడాలి, చూడాలి అని గంతులు.

మొదటి ఏడాది మొహమాటానికి గడియ మీద చెయ్యి వేశాను. అప్పుడు గ్యాసాయన మెట్ల మీద మోకాళ్ళు వంచడం కళ్ళ ముందు మెదిలింది. చెయ్యి తీసేశాను. "లేదన్నయ్యగారూ, వాడు కరుస్తాడు" అన్నాను. పచ్చిగా అలాగే అన్నాను. ఆయన ఒక పూట నాతో సరిగ్గా మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ మామూలుగా గారెలు అడిగి వేయించుకున్నారు.

ఆ మాట అనడం అలవాటైతే తేలికే. మా కుక్క కరుస్తుంది. మన కుక్క మీద మనకున్న ప్రేమేం తగ్గదు ఆ మాటంటే. పండగ మూడు రోజులూ వాడు వెనక గదిలో చల్లటి గచ్చు మీద, వాడి పాత దుప్పటి మీద పడుకుంటాడు. తెల్లవారక ముందొకసారి, పిల్లలు పడుకున్నాక ఒకసారి మావారు బయటికి తీసుకెళతారు. మిగతావేళల్లో ఇద్దరిలో ఒకరం వెళ్ళి వాడి పక్కన కాసేపు కూర్చుని వస్తాం.

గ్యాసాయన ఇప్పటికీ మాకు సిలిండరు వేస్తున్నాడు. పిక్క మీద రెండు మచ్చలు అలాగే ఉన్నాయి. మా ఇల్లు మానెయ్యమని నేనే ఒకసారి చెప్పాను, ఇంకెవరినైనా పంపమన్నాను. వద్దన్నాడు. కర్రిగాడంటే ఆయనకి ప్రేమేమీ లేదు, ఉండాలని నేను అనుకోను కూడా. మొన్న మంగళవారం వచ్చాడు. బెల్లు కొట్టాడు. గేటు బయట ట్రాలీ రిక్షా పక్కన నిలబడ్డాడు. లోపల కర్రిగాడి గోళ్ళ చప్పుడు గచ్చు మీద టకటకా వెనక గది వైపు పోయింది. గది తలుపు మూశాను. గడియ పెట్టాను, ఇనుము మీద ఇనుము పడి టక్కుమంది.

ఆ చప్పుడు విన్నాకే ఆయన వంగి సిలిండరు భుజానికెత్తుకున్నాడు.